కేంద్రం పలకకపోయినా నడవాల్సిన వ్యవస్థలు

వీడియో స్ట్రీమింగ్ మీద పరిశోధన చేసేవారు, విద్యుత్ గ్రిడ్ మీద పరిశోధన చేసేవారు మన ఇంజనీరింగ్ కళాశాలల్లో సాధారణంగా వేర్వేరు భవనాల్లో కూర్చుంటారు. వీరి సదస్సులకు వారు రారు, వారి ప్రయోగశాలల్లో వీరు అడుగుపెట్టరు. నెట్‌వర్కుల విశ్వసనీయత గురించి చదువుతూ, పిల్లలకు పాఠం చెబుతూ వచ్చిన నాకు కొన్నేళ్ళుగా ఈ రెండు రంగాల పరిశోధనను పక్కపక్కన పెట్టుకుని చదవడం అలవాటైంది. చదివిన కొద్దీ ఒక అభిప్రాయం బలపడుతూ వచ్చింది. లక్షల పరికరాలు కలిసి పనిచేసే వ్యవస్థను నమ్ముకోవాలంటే, అంచున ఉన్న ప్రతి పరికరమూ కేంద్రం నుంచి ఏ కబురూ అందని వేళ కూడా తన ఎదుట కనిపిస్తున్నదాన్ని బట్టి సరైన పని చేయగలగాలి. నెట్‌వర్కు ఆ పనిని మెరుగుపరచాలి; అది తెగిపోతే పనే ఆగిపోయేలా ఉండకూడదు. అయితే అందరూ ఒకే నియమాన్ని ఒకే క్షణంలో పాటించినప్పుడు ఆ నియమమే ప్రమాదంగా మారుతుంది. ఈ రెండు సంగతులనూ కలిపి చూస్తేనే అసలు కష్టం ఎక్కడుందో అర్థమవుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట వీడియో సంగతి. మనం ఫోనులో చూసే సినిమా ఒకే ధారగా రాదు. దాన్ని రెండు నుంచి పది సెకన్ల నిడివి గల ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కనూ తక్కువ బిట్‌రేటు (సెకనుకు ఎంత డేటా అన్న లెక్క) నుంచి ఎక్కువ బిట్‌రేటు వరకు పలు నాణ్యతల్లో సర్వర్లలో సిద్ధంగా ఉంచుతారు. 2009లో ఆపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన ఎంపెగ్ డ్యాష్ రెండూ ఈ పద్ధతికి చెందినవే. తరువాతి ముక్కను ఏ నాణ్యతలో తెచ్చుకోవాలన్నది సర్వరు నిర్ణయించదు, చూసేవారి ఫోనులో ఉన్న ప్లేయరే నిర్ణయిస్తుంది. తెచ్చుకున్న ముక్కలను ఆడించే వరకు దాచి ఉంచే చోటే బఫర్. నల్లా నీళ్ళు ఎప్పుడొస్తాయో, ఎంత ధారగా వస్తాయో తెలియని ఇంటికి మిద్దె మీది ట్యాంకు ఎలాంటిదో ప్లేయరుకు బఫర్ అలాంటిది. అది ఖాళీ అయిన క్షణాన తెర మీద చక్రం తిరగడం మొదలవుతుంది.

ఆ చక్రం తిరగడం వల్ల జరిగే నష్టాన్ని ఎస్. శణ్ముగ కృష్ణన్, రమేశ్ సీతారామన్ 2012లో లెక్కగట్టి చూపించారు. వెబ్‌సైట్ల, వీడియోల డేటాను ప్రేక్షకులకు చేరవేసే అకమాయ్ సంస్థ నెట్‌వర్కు మీద 67 లక్షల మంది చూసిన 2.3 కోట్ల వీక్షణలను పరిశీలించినప్పుడు, వీడియో మొదలవడానికి రెండు సెకన్లు దాటితే జనం వదిలి వెళ్ళిపోవడం ప్రారంభిస్తున్నారని, అక్కడి నుంచి ప్రతి అదనపు సెకనుకు వెళ్ళిపోయేవారు 5.8 శాతం చొప్పున పెరుగుతున్నారని తేలింది. ఆలస్యానికీ, వెళ్ళిపోవడానికీ సంబంధం ఉందని చెప్పి వారు ఊరుకోలేదు. ఒకే రకమైన ప్రేక్షకులను జతలుగా పోల్చి, ఆలస్యమే కారణమని చెప్పగలిగే పద్ధతిని వాడారు. వ్యవస్థల పరిశోధనలో ఇంత శ్రద్ధ అరుదు. అందుకే విద్యార్థులచేత మొదటగా చదివించే పత్రాల్లో దీన్ని చేర్చుకున్నాను.

మరి ప్లేయరు ఎలా నిర్ణయించుకోవాలి? ఇంతవరకు వచ్చిన ముక్కలు ఎంత వేగంతో వచ్చాయో చూసి, రాబోయే క్షణాల్లో వేగం ఎంత ఉంటుందో ఊహించి, దానికి సరిపడే నాణ్యతను అడగడం అందరికీ ముందుగా తోచే దారి. చాలా కాలం అలాగే చేశారు. అయితే వైఫై మీదా మొబైల్ నెట్‌వర్కుల మీదా వేగం ఒక్క నిమిషంలోనే పదింతలు పడిపోగలదు, మళ్ళీ లేవగలదు. స్టాన్‌ఫర్డ్‌లో టె-యువాన్ హువాంగ్, రమేశ్ జోహారి, నిక్ మెకౌన్ నెట్‌ఫ్లిక్స్ ఇంజనీర్లతో కలిసి 2014లో ప్రచురించిన పని ఈ ఊహనే దాదాపు పక్కన పెట్టింది. బఫర్ అడుగంటుతూ ఉంటే అన్నిటికన్నా తక్కువ నాణ్యత, నిండుగా ఉంటే అన్నిటికన్నా ఎక్కువ నాణ్యత, మధ్యలో ఉంటే మట్టం పెరిగిన కొద్దీ మెల్లగా పెంచుకుంటూ పోవడం, ఇదే వారి నియమం. వేగం ఎంతో ఊహించవలసిన అవసరం వీడియో మొదలైన తొలి క్షణాలకే పరిమితమైంది. నెట్‌ఫ్లిక్స్ నిజమైన వీక్షకుల మీద పరీక్షించినప్పుడు, అప్పటికి వాడుకలో ఉన్న పద్ధతితో పోలిస్తే ఆగి ఆగి ఆడడం 10 నుంచి 20 శాతం తగ్గింది. ఇంత సాదా నియమం అంత పని చేయడానికి కారణం ఒక్కటే: బఫర్ మట్టం అంచనా కాదు, చేతిలో ఉన్న వాస్తవం. నెట్‌వర్కులో ఏం జరిగినా, దాని పర్యవసానం చివరికి ఆ మట్టంలోనే కనబడుతుంది.

ఇప్పుడు గ్రిడ్ వైపు వద్దాం. మన దేశంలో విద్యుత్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. వాడకం ఉత్పత్తిని మించితే టర్బైన్లన్నీ కాస్త నెమ్మదించి ఫ్రీక్వెన్సీ పడుతుంది. ఉత్పత్తి ఎక్కువైతే పెరుగుతుంది. ప్రతి పెద్ద జనరేటరుకూ గవర్నర్ అనే నియంత్రణ పరికరం ఉంటుంది. అది ఏ కంట్రోల్ రూమునూ అడగదు, పక్క స్టేషనుతో మాట్లాడదు. తన షాఫ్టు ఎంత వేగంతో తిరుగుతున్నదో మాత్రమే చూస్తుంది. దాని డ్రూప్ 5 శాతం అనుకుంటే, అంటే ఫ్రీక్వెన్సీ 50లో 5 శాతం, 2.5 హెర్ట్జ్ పడితే పూర్తి సామర్థ్యమంత ఉత్పత్తిని పెంచేలా అమర్చి ఉంటే, ఫ్రీక్వెన్సీ 0.1 హెర్ట్జ్ పడినప్పుడు 500 మెగావాట్ల యూనిట్ తనంతట తానే 20 మెగావాట్లు అదనంగా ఇస్తుంది. దేశం మొత్తం మీద వందల యూనిట్లు ఒకరికొకరు చెప్పుకోకుండానే భారాన్ని తమ తమ సామర్థ్యాన్ని బట్టి పంచుకుంటాయి. హువాంగ్ బృందం నియమమూ, ఈ డ్రూప్ నియమమూ గణితంలో ఒకే రూపంలో ఉన్నాయి. ఒకటి బఫర్ మట్టాన్ని చూస్తుంది, రెండోది ఫ్రీక్వెన్సీని చూస్తుంది. రెండూ ఒక వాలుగీత మీద నడుస్తాయి.

ఫ్రీక్వెన్సీని అందరికీ కనిపించే కబురుగా వాడుకోవడంలో మన దేశం ఒక విశేషమైన ప్రయోగం చేసింది. 2002-03లో వచ్చిన ఏబీటీ (అవెయిలబిలిటీ బేస్డ్ టారిఫ్) అనే ధరల విధానంలో (దక్షిణ ప్రాంతంలో అది 2003 జనవరిలో అమలుకు వచ్చింది) ముందుగా ఒప్పుకున్న షెడ్యూలుకు మించి వాడిన లేదా తక్కువ ఉత్పత్తి చేసిన విద్యుత్తు ధరను ఆ క్షణపు ఫ్రీక్వెన్సీతో ముడిపెట్టారు. ఫ్రీక్వెన్సీ పడితే ధర పెరిగేది, లేస్తే తగ్గేది. ఏ మూలనున్న సబ్‌స్టేషనుకైనా ధర తెలియడానికి ఇంటర్నెట్ అక్కరలేకపోయింది, ఒక ఫ్రీక్వెన్సీ మీటరు సరిపోయేది. అంతకు ముందు 49 హెర్ట్జ్‌కు దిగువన గంటలతరబడి నడిచిన గ్రిడ్ ఈ విధానంతో గాడిన పడింది. తరువాతి కాలంలో నియమాలు పలుమార్లు మారాయి గాని, వైర్లలో ఎలాగూ ప్రవహిస్తున్న ఫ్రీక్వెన్సీనే ధర చాటింపుగా మార్చిన ఆ ఆలోచనకు ఇవ్వవలసినంత గుర్తింపు మనం ఇవ్వలేదని నా అభిప్రాయం.

రెండు రంగాలకూ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. సినిమా చూపే ప్లేయరు నాలుగు నిమిషాల వీడియోను దాచుకోగలదు. జనరేటరు రోటరులో దాగిన శక్తి ఆ యూనిట్ పూర్తి సామర్థ్యంతో నడిస్తే కొద్ది సెకన్లకు మాత్రమే సరిపోతుంది. సౌర ఫలకాలకు తిరిగే రోటరే లేదు కనుక ఆ కొద్ది సెకన్లు కూడా లేవు. సౌరవిద్యుత్ వాటా పెరిగిన కొద్దీ బ్యాటరీలు, నీటిని వెనక్కి ఎత్తిపోసే జలవిద్యుత్ కేంద్రాలు ఎందుకు అవసరమవుతున్నాయో ఇక్కడే తెలుస్తుంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ రెండు దిశల్లోనూ తిరగగలవు. రాత్రి మిగిలిన కరెంటుతో నీళ్ళు పైకి తోడి, అవసరమైన వేళ కిందికి వదలడానికి వాటిని అలా కట్టారు.

బఫరుకూ బ్యాటరీకీ ఉన్న ఈ పోలిక నేను కల్పించినది కాదు, పరిశోధన పత్రాల్లో కళ్ళెదుటే ఉంది. 1992లో లియాండ్రోస్ టాసియులస్, ఆంథొనీ ఎఫ్రెమిడెస్ రేడియో నెట్‌వర్కుల్లో వరుసల నిర్వహణ మీద ఒక ఫలితాన్ని నిరూపించారు. ఎక్కడ ఎన్ని ప్యాకెట్లు (నెట్‌వర్కులో ప్రయాణించే డేటా ముక్కలు) ఎదురుచూస్తున్నాయో ఇప్పటి స్థితిని చూసి నిర్ణయించుకుంటూ పోతే, రేపు ఎంత రద్దీ వస్తుందో తెలియకపోయినా వ్యవస్థ నిలకడగా ఉంటుందన్నది దాని సారాంశం. మైకేల్ నీలీ ఈ పద్ధతిని విస్తరించి ఖర్చును కూడా తగ్గించేలా మలిచారు. 2011లో రాహుల్ ఉర్గావ్‌కర్, భువన్ ఉర్గావ్‌కర్, నీలీ, ఆనంద్ శివసుబ్రమణియం కలిసి ఇదే గణితాన్ని డేటా సెంటర్లలోని బ్యాటరీలకు వర్తింపజేశారు. రేపటి కరెంటు ధర ఎంతో, లోడు ఎంతో తెలియకుండానే, ఈ క్షణపు ధరనూ బ్యాటరీ మట్టాన్నీ చూసి ఎప్పుడు నింపాలో ఎప్పుడు వాడాలో చెప్పే పద్ధతి అది. అదే రాహుల్ ఉర్గావ్‌కర్ 2016లో కెవిన్ స్పిటేరి, సీతారామన్‌లతో కలిసి వీడియో బఫరుకు ఆ గణితాన్నే వాడి బోలా అనే పద్ధతిని ఇచ్చారు. డ్యాష్ ప్లేయర్ల నమూనాగా అందరూ వాడే డ్యాష్ డాట్ జేఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో అది చేరింది. ఒకే పరిశోధకుడి చేతిలో బ్యాటరీ, బఫర్ రెండూ ఒకే సమీకరణంలోకి రావడం చూశాక, ఈ రెండు రంగాలను వేర్వేరు భవనాల్లో ఉంచడం న్యాయమేనా అనిపించింది.

ఇంతవరకు చెప్పినది అంచున తీసుకునే నిర్ణయానికి అనుకూలమైన వైపు. రెండో వైపు జర్మనీలో బయటపడింది. అక్కడ ఇళ్ళ కప్పుల మీద పెట్టే సౌర ఫలకాల ఇన్వర్టర్లు, ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ చేరగానే గ్రిడ్ నుంచి విడిపోవాలని తొలినాళ్ళలో నిబంధన పెట్టారు. ఫలకాలు కొన్ని వేలు ఉన్న రోజుల్లో అది భద్రత కోసం చేసిన సబబైన ఏర్పాటు. కాని వాటి సంఖ్య లక్షల్లోకి చేరాక, ఎండ మండే మధ్యాహ్నం ఫ్రీక్వెన్సీ ఆ గీత తాకితే వేల మెగావాట్లు ఒక్కసారిగా మాయమయ్యే పరిస్థితి వచ్చింది. యూరప్ గ్రిడ్ తట్టుకునేలా సిద్ధం చేసుకున్న అత్యవసర నిల్వ 3,000 మెగావాట్లు మాత్రమే. చివరికి 2012లో ప్రత్యేక ఉత్తర్వు తెచ్చి, మూడు లక్షలకు పైగా సౌర వ్యవస్థలను తిరిగి సరిచేయవలసి వచ్చింది. ప్రతి ఇన్వర్టరూ తనకు చెప్పిన పనిని తు.చ. తప్పకుండా చేస్తున్నది. తప్పల్లా నియమం వాలుగీతగా కాక నిట్టనిలువు మెట్టుగా ఉండడంలో, ఆ మెట్టు అందరికీ ఒకే చోట ఉండడంలో ఉంది.

ఇదే చిక్కు మన పొలాల్లో ఇంకా మొరటుగా కనబడుతుంది. బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉంటాయి. కరెంటు రాగానే రైతు పొలానికి వెళ్ళకుండానే మోటారు తనంతట తానే ఆన్ అవుతుంది. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఐదు హార్స్‌పవర్ మోటార్లు పది ఉన్నాయనుకుందాం. నడిచే సమయంలో ఒక్కొక్కటీ ఆరు కేవీఏకు కాస్త తక్కువగా తీసుకుంటుంది కనుక పదీ కలిసి ట్రాన్స్‌ఫార్మర్ శక్తికి లోబడే ఉంటాయి. అయితే ఇండక్షన్ మోటారు మొదలయ్యే క్షణాన ఐదు నుంచి ఏడు రెట్ల కరెంటు లాగుతుంది. పదీ ఒకేసారి మొదలైతే, ఆరు రెట్ల లెక్కన చూసినా, ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద 350 కేవీఏ దాకా భారం పడుతుంది. అప్పుడు ఓల్టేజి పడిపోతుంది, ఓల్టేజి పడితే మోటార్లు వేగం అందుకోవడానికి మరింత సేపు పడుతుంది, అంతసేపూ ఆ భారీ కరెంటు ప్రవహిస్తూనే ఉంటుంది. వరంగల్ జిల్లాలో ఒక లైన్‌మన్ నాతో, "సారూ, ఎండాకాలం లోడుకు నేను జంకను. కరెంటు పోయి మళ్ళొచ్చిన మొదటి నిమిషానికే జంకుత" అన్నాడు. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైన రోజుల్లో ఆటో స్టార్టర్లను తీసివేయాలని రైతులను గట్టిగా కోరారు. భూగర్భ జలాలు వృథాగా తోడేయకుండా చూడడంతో పాటు ఈ లోడు భయం కూడా దాని వెనుక ఉంది.

ఓల్టేజి పడిన కొద్దీ భారం పెరిగే ఈ విషవలయం నెట్‌వర్కుల వారికి బాగా తెలుసు. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య, నాలుగు వందల గజాల దూరంలో, ఇంటర్నెట్ వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు కుప్పకూలింది. ప్యాకెట్లు ఆలస్యమయ్యాయని కంప్యూటర్లు వాటినే మళ్ళీ పంపడం, ఆ మళ్ళీ పంపినవి రద్దీని ఇంకా పెంచడం దానికి కారణం. వాన్ జాకబ్సన్ 1988లో ప్రచురించిన పరిష్కారం ఇవాళ్టికీ ఇంటర్నెట్‌ను నిలబెడుతున్నది: జవాబు రాకపోతే వేగం తగ్గించు, మళ్ళీ ప్రయత్నించే ముందు ఎక్కువసేపు ఆగు, బాగుందని తెలిసిన కొద్దీ మెల్లగా పెంచు. దానికన్నా ముందే, 1970ల తొలినాళ్ళ హవాయి అలోహా నెట్‌వర్కు, ఆ తరువాతి ఈథర్నెట్ మరో పాఠం నేర్పాయి. ఇద్దరు ఒకేసారి మాట్లాడి ఢీకొన్నప్పుడు, ఇద్దరూ సమానమైన సమయం ఆగితే మళ్ళీ ఢీకొంటారు. కాబట్టి ఎవరికి వారు యాదృచ్ఛికంగా ఎంచుకున్నంత సేపు ఆగాలి. ఒకరితో ఒకరు సంప్రదించుకోలేని పరికరాలను విడదీయడానికి యాదృచ్ఛికతను మించిన సాధనం నాకు తెలిసి లేదు.

ఆటో స్టార్టరు విషయంలోనూ జవాబు ఇదే. కరెంటు వచ్చాక సున్నా నుంచి పది నిమిషాల మధ్య ఎక్కడో ఒకచోట, ప్రతిసారీ కొత్తగా ఎంచుకున్న ఆలస్యంతో మోటారు మొదలైతే, రెండు మూడు సెకన్లు ఉండే ఆ భారీ కరెంట్లు రెండింటికి మించి ఒకేసారి పడే అవకాశం చాలా తక్కువ. అందుకు నెట్‌వర్కు అక్కరలేదు, సిమ్ కార్డు అక్కరలేదు, యాప్ అక్కరలేదు. బ్రిటన్‌లో 2022 నుంచి అమలైన విద్యుత్ వాహనాల ఛార్జర్ల నిబంధనల్లో ఇదే ఆలోచన చట్టమైంది. చవక ధర మొదలయ్యే గంట కొట్టగానే లక్షల కార్లు ఒకేసారి ఛార్జింగ్ ప్రారంభించకుండా, ప్రతి ఛార్జరూ పది నిమిషాల లోపు యాదృచ్ఛికంగా ఆగాలి. మన దగ్గర స్టార్టర్లకు అలాంటి నిబంధన ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు. రైతుకు దీనివల్ల పోయేది పది నిమిషాల లోపు నీరు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే, అది మారే వరకు నీళ్ళు లేక ఎండిపోయేది అదే రైతు నారుమడి.

మనుషులే ఒక్క క్షణంలో కలిసి కదిలినప్పుడు మాత్రం యాదృచ్ఛికత ఒక్కటే చాలదు. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాల పాటు దీపాలు ఆర్పమని పిలుపు వచ్చినప్పుడు, లోడు 12 నుంచి 14 వేల మెగావాట్లు తగ్గుతుందని గ్రిడ్ నిర్వాహకులు అంచనా వేశారు. తగ్గినది దాదాపు 31 వేల మెగావాట్లు. అయినా గ్రిడ్ నిలిచింది, ఫ్రీక్వెన్సీ 49.7కూ 50.26 హెర్ట్జ్‌కూ మధ్యనే ఉంది. నిమిషాల్లో ఉత్పత్తి దించి మళ్ళీ ఎత్తగల జలవిద్యుత్ కేంద్రాలను అందుకోసం ముందే సిద్ధం చేసి ఉంచడమే దానికి ప్రధాన కారణం. ఇక్కడ నన్ను ఆలోచింపజేసేది అంచనా తప్పడం కాదు. అంచనా రెండు రెట్లకు పైగా తప్పినా వ్యవస్థ కూలకపోవడమే. ఊహ ఎంత బాగుందన్నదాన్ని బట్టి గాక, ఊహ తప్పినప్పుడు ఏం మిగిలిందన్నదాన్ని బట్టి వ్యవస్థను అంచనా వేయాలని ఆ రాత్రి చూపించింది.

క్రికెట్ ప్రత్యక్ష ప్రసారం ఇలాంటిదే. సినిమాకు నిమిషాల బఫర్ ఉంటుంది. ప్రత్యక్ష ప్రసారానికి ఇంకా జరగని బంతిని దాచుకోవడం కుదరదు కనుక కొన్ని సెకన్లే ఉంటుంది. అంటే స్ట్రీమింగ్ ఇక్కడ గ్రిడ్‌కు బాగా దగ్గరకు వస్తుంది. 2023 నవంబరు 19న అహ్మదాబాదులో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌ను డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో ఒక దశలో ఏకకాలంలో 5.9 కోట్ల మంది చూశారు. అంతమంది వస్తున్నప్పుడు కొత్త సర్వర్లు తెరుచుకునే వేగం జనం వచ్చే వేగాన్ని అందుకోలేదు కాబట్టి, ముందుగానే తెరిచి ఉంచక తప్పదు. జనం వెళ్ళిపోవడం కూడా భారమే. ప్రధాన బ్యాటర్ ఔటవగానే లక్షలమంది ఒకేసారి వెనక్కి నొక్కుతారు. వీడియో సర్వర్ల మీద భారం తగ్గుతుంది గాని, అప్పటిదాకా ఖాళీగా ఉన్న హోమ్‌పేజీ సర్వర్ల మీద ఉప్పెన పడుతుంది.

ఇలా ముందుగా తెరిచి ఉంచిన సర్వర్లు కరెంటు తింటాయి. విమల్ మాథ్యూ, సీతారామన్, ప్రశాంత్ షెనాయ్ 2012లో ఈ ప్రశ్ననే తీసుకున్నారు. రద్దీ తక్కువగా ఉన్నప్పుడు సర్వర్లను ఆపివేస్తూ పోతే, సగటున రోజుకు ఒక్కో సర్వరును ఒక్కసారి మాత్రమే ఆపి తెరిచినా, అకమాయ్ లాంటి కంటెంట్ నెట్‌వర్కు విద్యుత్ వాడకాన్ని 55 శాతానికి పైగా తగ్గించవచ్చని, పది శాతం సర్వర్లను ఆన్ చేసి అదనంగా సిద్ధంగా ఉంచితే హఠాత్తుగా వచ్చే రద్దీని కూడా తట్టుకోవచ్చని వారు చూపారు. అవసరం పడితే వెంటనే వాడుకోవడానికి గ్రిడ్ నిర్వాహకులు ఏళ్ళ తరబడిగా తిప్పుతూ ఉంచే అదనపు జనరేటర్ల సామర్థ్యానికి, అంటే స్పిన్నింగ్ రిజర్వుకు ఇది సర్వర్ల రూపం.

నెట్‌వర్కు నిజంగా అవసరమయ్యే చోటు కూడా ఉంది, అక్కడ మౌనాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నది ప్రశ్న. సబ్‌స్టేషన్లలో వాడే ఐఈసీ 61850 ప్రమాణంలో గూస్ అనే సందేశం ఉంది. ఒక ఫీడరులో (సబ్‌స్టేషను నుంచి బయలుదేరే లైనులో) లోపం కనబడగానే, దాన్ని కనిపెట్టే పరికరమైన రిలే, లైనును తెంపే బ్రేకరు తెరుచుకోవడానికి పంపే ఈ సందేశం మూడు మిల్లీసెకన్ల లోపు చేరాలి. చేరిందా లేదా అని తిరుగు జవాబు కోసం ఆగే వ్యవధి లేదు. అందుకని రిలే అదే సందేశాన్ని వెంటవెంటనే మళ్ళీ మళ్ళీ పంపుతుంది, క్రమంగా వ్యవధి పెంచుకుంటూ పోతుంది, ఏమీ జరగని వేళల్లో కూడా ఒక స్థిరమైన లయలో పంపుతూనే ఉంటుంది. ప్రతి సందేశంలోనూ తరువాతిది ఎంతలోపు రావాలో రాసి ఉంటుంది. ఆ లోపు రాకపోతే, అందుకునే పరికరం అంతా క్షేమమని అనుకోదు, లింకు పోయిందని ప్రకటిస్తుంది.

ఈ ఒక్క జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో 2003 ఆగస్టు 14న ప్రపంచం చూసింది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఫస్ట్ ఎనర్జీ అనే విద్యుత్ సంస్థ కంట్రోల్ రూములో మధ్యాహ్నం 2 గంటల 14 నిమిషాలకు హెచ్చరికల సాఫ్ట్‌వేర్ ఒక దోషం వల్ల ఆగిపోయింది. ఆగిపోయిన సంగతి ఎవరికీ తెలియలేదు. తెర మీద ఎర్ర అక్షరాలు రాలేదు కనుక లైన్లన్నీ బాగున్నాయని నిర్వాహకులు అనుకున్నారు. మూడు గంటలు దాటాక 345 కిలోవోల్టుల లైన్లు చెట్లకు తగిలి ఒకటొకటిగా ట్రిప్పవుతున్నా ఆ గది మౌనంగానే ఉంది. నాలుగు గంటలు దాటేసరికి అమెరికా, కెనడాలలో 5 కోట్ల మందికి కరెంటు లేదు. లైన్లు పడడం గ్రిడ్‌కు కొత్త కాదు. పడినట్టు తెలియకపోవడం, తెలియడం లేదన్న సంగతి కూడా తెలియకపోవడం ఆ రోజు కొత్త.

మన దేశంలో విద్యుత్ పంపిణీని మెరుగుపరచడానికి 2021లో మొదలైన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం కింద 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలన్నది లక్ష్యం. వీటి గురించి చర్చ అంతా బిల్లుల చుట్టూ తిరుగుతోంది. నాకు ఆసక్తి కలిగించేది వేరే విషయం. కరెంటు పోయినప్పుడు మీటరు తనలో మిగిలిన కొద్దిపాటి శక్తితో చివరి సందేశం పంపగలదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మీటర్లన్నీ ఆ సందేశాన్ని ఒకే క్షణంలో పంపితే రేడియో మార్గంలో అవన్నీ ఢీకొంటాయి. అన్నీ చేరాలని పట్టుపట్టడం కన్నా, ఏ కొన్ని చేరినా ట్రాన్స్‌ఫార్మరే పోయిందని తేల్చగల పద్ధతి మేలు. మరొకటి ఇంకా గంభీరమైనది. ఈ మీటర్లలో దూరం నుంచి కరెంటు తీసివేసే స్విచ్ ఉంటుంది. పొరపాటున గాని దురుద్దేశంతో గాని ఒకే ఆదేశం లక్షల మీటర్లకు ఒక్కసారిగా వెళితే అది 2020 ఏప్రిల్ 5 రాత్రి కన్నా ఆకస్మికంగా ఉంటుంది, జలవిద్యుత్ కేంద్రాలకు సిద్ధపడే సమయం కూడా ఉండదు. స్విచ్ తీసే ముందు, వేసే ముందు మీటరు తానుగా కొన్ని నిమిషాలలోపు యాదృచ్ఛికంగా ఆగాలి, ఆ ఆలస్యాన్ని కేంద్రం కూడా రద్దు చేయలేకుండా మీటరులోనే కట్టి ఉంచాలి అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇవన్నీ కాగితం మీద ఎంత బాగున్నా, క్షేత్రంలో కొలవాలి. ఆ కొలత ఎంత కష్టమో స్టాన్‌ఫర్డ్ వారి పఫర్ ప్రయోగం చెప్పినంత నిజాయితీగా మరొకటి చెప్పలేదు. వారు టీవీ ఛానళ్ళను ఉచితంగా ప్రసారం చేసే వెబ్‌సైటు నడిపి, వచ్చిన ప్రేక్షకులకు తెలియకుండా వేర్వేరు బిట్‌రేట్ పద్ధతులను యాదృచ్ఛికంగా కేటాయించారు. 2020లో ఫలితాలు ప్రచురించేనాటికి 63,508 మందికి మొత్తం 38.6 ఏళ్ళ నిడివిగల వీడియో అందింది. సిమ్యులేటర్లలో మెరిసిన యంత్రాభ్యాస (మెషీన్ లెర్నింగ్) పద్ధతులు నిజమైన ఇంటర్నెట్ మీద సాదా బఫర్ నియమాన్ని దాటడానికి తంటాలు పడ్డాయి. చివరికి వారి ఫూగూ పద్ధతి గెలిచింది గాని, అది నేర్చుకున్నది ఒక్క చిన్న విషయమే: తరువాతి ముక్క చేరడానికి ఎంత సమయం పడుతుందన్నది. ఆ ఊహ నిజమో కాదో కొద్ది సెకన్లలో తేలిపోతుంది. నిర్ణయాన్ని మాత్రం పాతకాలపు నియంత్రణ పద్ధతికే వదిలేశారు. ఆగి ఆగి ఆడడం అరుదుగా, ఎగుడుదిగుడుగా జరిగేది కనుక, రెండు పద్ధతుల మధ్య తేడాను నమ్మకంగా చెప్పడానికి ఏళ్ళ నిడివి గల వీడియో అవసరమని కూడా వారు లెక్కగట్టి చూపారు.

ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవడం దానికన్నా అరుదు. అందువల్ల యాదృచ్ఛిక ఆలస్యం గల స్టార్టర్ల మీద మా విద్యార్థులతో నేను మొదలుపెట్టిన పనిలో, ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు మిగిలాయన్నదాన్ని కొలతగా పెట్టుకోలేదు. కరెంటు తిరిగి వచ్చిన మొదటి పది నిమిషాల్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఓల్టేజి ఎంత లోతుకు పడింది, ఎంతసేపు అక్కడే ఉంది అన్న రెండింటిని ప్రతిసారీ నమోదు చేస్తాం. ఒకే ఫీడరు మీద కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల కింద కొత్త స్టార్టర్లు, కొన్నింటి కింద పాతవి ఉంటాయి. ఏవి ఎక్కడన్నది చీటీలు తీసి నిర్ణయిస్తాం. స్టార్టరులో మరొక నియమాన్నీ చేర్చాం: తన వంతు వచ్చినా ఓల్టేజి నిర్ణీత మట్టానికి దిగువన ఉంటే మోటారును ఆన్ చేయదు, మరికొంత యాదృచ్ఛిక వ్యవధి ఆగి మళ్ళీ చూస్తుంది. ఇది జాకబ్సన్ ఇంటర్నెట్‌కు చెప్పిన పద్ధతే, ప్యాకెట్ల చోట మోటారు ఉంది. నాట్ల కాలంలో రైతులు నీటికి తొందరపడతారు కనుక, ఆలస్యం పది నిమిషాలు ఉండాలా ఐదు చాలా అన్నది వారితో కూర్చుని తేల్చుకోవలసి ఉంది.